వెంట్రుకంత సందు

మా ఆయన దేవదాస్ తాను చేసిన ఇనుప చిక్కులకు చుట్టాల పేర్లు పెట్టేవాడు. కాస్త బుజ్జగిస్తే ఊడివచ్చేదానికి అల్లుడు అని, చూడడానికి సులువుగా ఉండి గంటసేపు సతాయించేదానికి మేనత్త అని. ఒకదాంట్లో ఒకటి మెలేసుకున్న రెండు ఇనుప ముక్కలు. వంచకుండా, కోయకుండా, బలం పెట్టకుండా వాటిని విడదీయాలి, మళ్ళీ తొడగాలి. అంతే ఆట. యాభై నాలుగేళ్ళ మనిషికి ఇదేం ఆటని మొదట్లో నేను నోరు చేసుకున్నదాన్నే. నా నోరు మంచిది కాదని మా వాడకట్టు అంతటికీ తెలుసు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం ఆయన చేసిన ఆఖరి చిక్కు పేరు వియ్యపురాలు. ఆ నోరున్నదాన్నే, ఆ ఎండాకాలం ఒక్క మాట చెప్పాల్సినచోట చెప్పలేదు.

మాది చొప్పదండికి అవతల సాంచాల ఊరు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆయన ఒక కార్ఖానాలో జాబర్. సాంచె చెడితే బాగుచేయాలి, కొత్తది వస్తే బిగించాలి. నేను ఇంట్లో నాడెలో పెట్టే నూలు కండెలు చుడతాను. ఇరవై ఆరేళ్ళలో ఆయన కొలబద్ద పట్టగా నేను చూడలేదు. రెండు ఇనుప భాగాల నడుమ బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకొని, "వెంట్రుకంత ఎక్కువున్నది" అనేవాడు. సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. సాంచె చప్పుడే మారిపోయేది. సాంచెలో నూలు మోసుకొని అటూ ఇటూ ఉరికే నాడెకు రెండు కొసలా ఇనుప మొనలు ఉంటాయి. బిగింపులో తేడా వస్తే అది దారి తప్పి ఎగురుతుంది. పక్క ఊళ్ళో అట్లా ఒకామె కన్ను పోయింది. మా ఆయన బిగించిన సాంచె మీద ఒక్కనాడూ నాడె ఎగరలేదు. ఆయనకున్న పేరు అదే, ఆయనకున్న గర్వమూ అదే.

ఈ చిక్కుల పిచ్చి అంటించినవాడు వంశీధర్‌రావు సార్. ఆసిఫాబాద్ కాలేజీలో లెక్కలు చెప్పి, రిటైరై కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. దుప్పట్ల కోసం మా కార్ఖానాకు వచ్చి, జేబులోంచి ఎక్కడో పరాయిదేశంలో చేసిన చిక్కు ఒకటి తీసి మా ఆయన చేతికిచ్చాడట. చాయ్ చల్లారకముందే ఈయన దాన్ని విప్పి, మళ్ళీ తొడిగి ఇచ్చాడట. ఇక అప్పటి నుంచి ఆదివారం వచ్చిందంటే కరీంనగర్ బస్సు ఎక్కాల్సిందే. రావు సార్ మేడ మీద డాక్టరు, బ్యాంకు మేనేజరు, రిటైరైన ఇంజినీర్లు ఒక పది మంది కూడేవారు. మొదట్లో వాళ్ళవి విప్పడానికి పోయిన మా ఆయన, తర్వాత తానే చేసి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

దానికొక నియమం పెట్టుకున్నాడు. మూడుసార్లు విప్పి, మూడుసార్లు తొడిగితేనే ఏ చిక్కయినా ఇల్లు దాటాలి. తాను విప్పలేనిది ఇంకొకరి చేతిలో పెట్టడం మోసమనేవాడు.

వియ్యపురాలు ఉగాది అయిన వారానికి తయారైంది. పెన్సిలంత లావు ఉక్కు చువ్వతో రెండు వంకీలు. ఒకదాని కడుపులో ఇంకొకటి. ప్రతి వంకీకీ ఒక నోరుంటుంది గానీ, ఆ నోట్లోంచి రెండోదాని మెడ పట్టదు. మెడ మీద ఒక్కచోట మాత్రం ఆకురాయితో కాస్త అరగదీశాడు. తిప్పుకుంటూ తిప్పుకుంటూ పోయి ఆ అరిగిన చోటును నోటి దగ్గరికి తెస్తే జారి బయటపడాలి. పైకి చూస్తే ఎక్కడ అరిగిందో తెలియదు. ఒకదాంట్లో ఒకటి తొడిగాకే ఆఖరి వంపు వంచుతాడు కాబట్టి, ఊడుతుందా లేదా అన్నది వంచాక గానీ తెలియదు.

అది ఊడలేదు.

మొదటి రెండు రోజులు నవ్వుతూనే తిప్పాడు. నాలుగో రోజుకు నవ్వు పోయింది. పొద్దున కార్ఖానాకు పోయేముందు, మధ్యాహ్నం వచ్చాక, పళ్ళెం ముందు కూర్చున్నాక, చేతిలో అదే. కార్ఖానాలో అప్పటికే సగం సాంచాలు బందయ్యాయి. నాడె లేని కొత్త మిషన్లు వస్తాయని, వాటిని చూసుకునేవాళ్ళు వాటితోనే వస్తారని చెప్పుకుంటున్నారు. ఆయనకు పని తగ్గింది, ఖాళీ పెరిగింది. ఆ ఖాళీ అంతా వియ్యపురాలికే పోయింది.

"తినరాదు, ఆరిపోతున్నది," అన్నాను.

"జర ఆగు. వస్తది."

"రాకుంటే?"

"రాకుంటే నా లెక్క తప్పినట్టు." ఆయన తల ఎత్తలేదు. "లెక్క తప్పలే. తిప్పుడు తప్పుతున్న."

మామిడికాయ తొక్కు పెట్టే రోజులవి. ప్రతి ఏడూ కాయలు తెచ్చేదీ, నరికేదీ, తొక్కు పెట్టిన డబ్బా మూత కసిగా బిగించేదీ ఆయనే. ఆ ఏడు మూడుసార్లు చెప్పినా కాయలు రాలేదు. మనిషి చిక్కిపోయాడు. పళ్ళెంలో అన్నం మీద పెరుగు ఎండిపోయేది. పదిహేడు రోజులు చూశాను.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఏదో సాంచె ఆగిపోయిందని కార్ఖానా నుంచి మనిషి వచ్చి పిలుచుకుపోయాడు. వియ్యపురాలు కిటికీలో ఉంది. ఇనుమును కదలకుండా పట్టి ఉంచే ఆయన వైస్ పక్క గదిలో చెక్క బల్లకు బిగించి ఉంటుంది. ఇనుము మీద గాట్లు పడకుండా వైస్ నోట్లో పాత గుడ్డ పెట్టి బిగించడం, వంచాల్సిన కొసకు నీళ్ళ పైపు ముక్క తొడిగి నొక్కడం, ఇన్నేళ్ళు చూసినదాన్ని, నాకు తెలియనిదా. నా పాత చీర ముక్క పెట్టి బిగించాను. పైపు తొడిగి నా బరువంతా వేశాను. కొంచెం కిర్రుమంది, వంకీ నోరు తెరుచుకుంది. వెంట్రుకంత. అంతకంటే ఎక్కువ కాదు. నూనె గుడ్డతో తుడిచి ఎక్కడిది అక్కడ పెట్టి, వచ్చి కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

జాలితో చేశానని నాకు నేనే చాలా రోజులు చెప్పుకున్నాను. జాలి సగమే. మిగతా సగం విసుగు. ఒక్కసారి ఊడితే ఈ పీడ వదిలి మనిషి మనిషిలా తింటాడని చేశాను. దొంగతనం చేసినట్టు కూడా అనిపించలేదు నాకు.

ఆయన దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. కాళ్ళు కడుక్కొని కూర్చున్నాడు. నేను పళ్ళెం పెట్టాను. ఎడమచేత్తో వంకీలు తీసుకొని రోజూ తిప్పినట్టే తిప్పాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. ఒక వంకీ ఆయన చేతిలో ఉంది, ఒకటి ఒళ్ళో పడింది.

రెండింటినీ దీపం వెలుగులో పట్టి చూశాడు. తర్వాత తొడిగాడు. విప్పాడు. తొడిగాడు. మూడు మార్లూ అయ్యాక నా వైపు చూసి నవ్వాడు. పెళ్ళినాడు కూడా అట్లా నవ్వలేదు ఆ మనిషి.

"చూసినవానే. ఇన్నొద్దులు నేను జర ముందుగాల తిప్పుతున్న. తొందరపడుతున్న. ఇయ్యాల నిమ్మళంగ తిప్పిన, వచ్చింది. లెక్క తప్పలేదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు," అన్నాను.

రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నాడు. నాకు కడుపు నిండింది. ఎవరికీ తెలియకుండా మంచి పని చేశానని ఆ పూట నా మీద నాకే ముచ్చటేసింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ముచ్చటకే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ ఆదివారం నన్ను కూడా రమ్మని పట్టుబట్టాడు. రావు సార్ మేడ మీద చాపలు పరిచి ఉన్నాయి. తల నెరిసిన పెద్దమనుషులు చుట్టూ కూర్చొని, అంగన్‌వాడీ పిల్లల్లా ముందు బొమ్మలు వేసుకొని ఆడుకుంటున్నారు. మాటల్లేవు. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు, ఫ్యాను చప్పుడు. నాకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన వియ్యపురాలిని తీసి నడుమ పెట్టాడు.

డాక్టరు తిప్పాడు. మేనేజరు తిప్పాడు. చాయ్‌లు వచ్చాయి, పోయాయి. చివరికి రావు సార్ అద్దాలు తీసి తుడుచుకొని, "లాభం లేదు దేవదాస్ గారూ, మీరే చూపెట్టుండ్రి," అన్నాడు.

ఈయన చూపెట్టాడు. నిమ్మళంగా, ముసిముసిగా నవ్వుకుంటూ. డాక్టరు చప్పట్లు కొట్టాడు.

"గిది ఇక్కడనే ఉంచుండ్రి," అన్నాడు రావు సార్. "వచ్చే నెలాఖరి ఆదివారం హైదరాబాద్ నుంచి, నాగపూర్ నుంచి మనసొంటోళ్ళు వస్తున్నరు. సరిగ్గ ఇట్లాంటివే ఇంకో ఎనిమిది చెయ్యగలుగుతరా? అందరి చేతుల్ల ఒక్కటే చిక్కు పెట్టి, ఒక్కటే సారి మొదలుపెడదాం. చేసినోళ్ళు మీరని చెప్పి కూసుండబెడత."

"చేస్త సార్. ఎనిమిదికేంది," అన్నాడు ఈయన.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని చాలాసేపు బయటికి చూశాడు. గంగాధర దాటాక నా వైపు తిరిగాడు.

"గారు అన్నడు, ఇన్నవా?"

విన్నాను. కార్ఖానాలో ఈయనను దేవదాసూ అని తప్ప ఎవరూ పిలవరు. నేను వంచిన వెంట్రుకంత సందు ఈ మనిషికి గారు అనే మర్యాద తెచ్చిందనుకొని, ఇంకాస్త పొంగిపోయాను. ఒరిజినల్ అక్కడే ఉండిపోయిందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

మర్నాటి నుంచి చేయడం మొదలుపెట్టాడు. మొదటిది ఊడలేదు. నవ్వాడు. రెండోది ఊడలేదు. ఇనుము వేరేదని కొత్త చువ్వ తెచ్చాడు. మూడు, నాలుగు, అయిదు. అన్నీ ఒకే తీరు, ఒక్కటీ ఊడలేదు. ఊడవు కదా. ఊడిన సంబరంలో ఆ మొదటిదాని నోట్లో ఆయన మళ్ళీ వేలు పెట్టి చూడనే లేదు. ఆయన బొటనవేలికి గుర్తున్న కొలత ఆయన చేసినది. ఊడినది నేను చేసినది.

ఎండ ముదిరింది. పక్క గదిలో రేకుల కింద కూర్చొని చెమటలు కారుతుంటే తిప్పేవాడు. మా బిడ్డ హర్షిణి కరీంనగర్‌లో నర్సు పని చేస్తుంది. సెలవు రోజున వచ్చి బాపు వాలకం చూసింది.

"బాపూ, రావు సార్ ఇంట్లున్నదాన్ని ఒక్కపూట తెచ్చుకొని కొలుసుకోరాదు? ఎక్కడ తేడా ఉన్నదో తెలుస్తది గద."

"చేసినోన్ని నేను. పోయి కొలుసుకుంటనంటే ఏమనుకుంటరే వాళ్ళు?" అన్నాడు. "ఒక్కసారి చేసిన చెయ్యి ఇంకోసారి చెయ్యదా?"

"నేను తీసుకొస్త తియ్యి, నాది అటే గద పోవుడు."

"వద్దన్నప్పుడు వద్దు."

హర్షిణి నా వైపు చూసింది, నువ్వు చెప్పరాదూ అన్నట్టు. నేను పొయ్యి వైపు తిరిగాను. కొలిస్తే తెలిసిపోతుంది. కొలవకుంటే ఈయన ఇట్లాగే నలిగిపోతాడు. చెప్పేస్తే, ఆ మేడ మీద నవ్విన నవ్వు, బస్సులో అన్న మాట, అన్నీ ఒట్టివైపోతాయి. నెలాఖరు దాటితే అదే సర్దుకుంటుందని మనసుకు నచ్చజెప్పుకున్నాను. పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు అది.

అప్పుడు నేను రెండో తప్పు చేశాను. మొదటిదాన్ని క్షమించవచ్చేమో, దీన్ని మాత్రం కాదు. ఈయన కార్ఖానాకు పోయిన ఒక మధ్యాహ్నం, అయిదింటిలో ఒకటి తీసి వైస్‌లో బిగించి, అదే చీర ముక్క, అదే పైపు, మళ్ళీ వెంట్రుకంత తెరిచాను. ఒక్కటి ఊడితే ధైర్యం వస్తుంది, అదే చూసి మిగతావి చేసుకుంటాడు అనుకున్నాను. నా తెలివి అంతే.

సాయంత్రం వచ్చి వరసగా తిప్పాడు. నాలుగోది ఊడింది.

నేను గడపలో నిలబడి ఆ నవ్వు కోసం చూస్తున్నాను. నవ్వలేదు. ఊడినదాన్ని పక్కన పెట్టి, మిగతా నాలుగింటినీ వరసగా పేర్చాడు. ఒక్కొక్కదాని నోట్లో బొటనవేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూశాడు.

"గీ నాలుగూ ఒక తీరున్నయి," అన్నాడు. "గిదొక్కటి వేరే తీరున్నది."

"ఊడింది గదా, మంచిదే గద," అన్నాను.

"మంచిదా?" ఆయన నా వైపు తిరిగాడు. ముఖంలో రక్తం లేదు. "ఒక్క చెయ్యి, ఒక్క కొలతతోని చేసిన. నేను అయిదూ ఒక్క తీరుగనే చేస్తున్ననుకున్న. గిది వేరేగ వచ్చినట్టు నాకు తెల్వనే తెల్వదు. చెయ్యి జరిగింది పద్మా. నాకు తెల్వకుంటనే జరుగుతున్నది."

"ఒక్కదానికేనా గింత పరేషాను?"

"సాంచాలు బిగించేది గీ చెయ్యే గదనే. రేపు వెంట్రుకంత తేడా వస్తే నాకు తెలుస్తదా? నాడె ఎగిరి ఏ ఆడిపిల్ల కంట్లనన్న పడితే?"

అదే సమయం. ఆ గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. వైస్ నోట్లో నా చీర ముక్క పోగు ఒకటి ఇంకా వేలాడుతోంది, నాకు కనిపిస్తోంది. చెప్పాలని నోరు తెరిచాను.

"అన్నం ఆరిపోతున్నది, రా," అన్నాను.

ఆయన లేచి వచ్చి తిన్నాడు. ఏం తిన్నాడో ఆయనకు తెలిసి ఉండదు.

మర్నాడు కార్ఖానాకు పోయి సేటుతో, ఇంకో జాబర్‌ను చూసుకోమని చెప్పి వచ్చాడు. సేటు కోప్పడ్డాడట, బతిమాలాడట, షుగర్ చూపించుకోమన్నాడట. ఈయన వినలేదు. తప్పు తెలియని చెయ్యి తప్పు చేసే చెయ్యి కంటే ప్రమాదమన్నాడట. నెల తిరక్కముందే సుధాకర్ అని వేములవాడ వైపు మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. సందులు కొలవడానికి డబ్బాలో ఇనుప రేకులు పెట్టుకొని తిరుగుతాడు. మా ఆయన తన వైస్, ఆకురాళ్ళు, సుత్తులు అన్నీ ఆటోలో వేయించి అతనికి పంపించాడు. ఊరికే ఇచ్చాడు. వైస్ ఊడదీసిన బల్ల మీద నాలుగు బెజ్జాలు మిగిలాయి.

నెలాఖరి ఆదివారానికి జ్వరమని రావు సార్‌కు ఫోన్ చేయించాడు. నాతోనే చేయించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదని.

మిరుగు కార్తె దాటి వానలు పడేసరికి కరీంనగర్ రోడ్డు మీది బట్టల గోదాంలో వాచ్‌మన్‌గా కుదిరాడు. పొద్దున షట్టర్ లేపాలి, సాయంత్రం దించాలి, నడుమ కుర్చీలో కూర్చోవాలి. ఆ బొటనవేలితో బీడీ ముట్టించుకోవడం తప్ప ఇంకే పని చేసేవాడు కాదు.

ఒకనాడు రావు సార్ కారు వేసుకొని మా ఇంటికే వచ్చాడు. ఆయన గోదాంలో ఉన్నాడు. జేబురుమాలులో చుట్టిన వియ్యపురాలిని నా చేతిలో పెట్టాడు.

"దేవదాస్ గారికి ఇయ్యమ్మా. ఆయన లేక మా కూటమి కళ తప్పింది. అలిగిండేమోనని వచ్చిన. మా వల్ల ఏమన్న తప్పు జరిగిందా?"

"మీ వల్ల ఏం లేదు సార్," అన్నాను.

చాయ్ తాగి పోయాడు. నేను ఆ మూటను బియ్యం డబ్బాలో అడుగున దాచాను. పన్నెండు రోజులు అది అక్కడే ఉంది. బియ్యం తీసినప్పుడల్లా వేళ్ళకు తగిలేది. బావిలో వేద్దామని రెండుసార్లు కొంగులో కట్టుకొని పోయి, రెండుసార్లూ తిరిగి తెచ్చాను. అది పోతే ఇక ఎన్నటికీ రుజువు ఉండదు. ఆ ఒక్క భయం నన్ను పూర్తిగా చెడిపోనివ్వలేదు.

పన్నెండో రోజు కార్ఖానాలో నాడె ఎగిరింది.

సాంచె నడిపే తిరుమలకు తగిలింది. మా వీధి పిల్లే, పెళ్ళయి నాలుగేళ్ళు. కనుబొమ్మ చీలింది, కుట్లు పడ్డాయి. దేవుడి దయ, కన్ను దక్కింది. సుధాకర్ తప్పు కూడా కాదన్నారు, పాత సాంచె, ఏదో అరిగిందన్నారు. మా ఆయన ఆసుపత్రికి పోయి చూసి వచ్చాడు. వాన తుంపర పడుతోంది. అరుగు మీద కూర్చొని తుండుతో తల తుడుచుకున్నాడు.

"మంచిపని చేసిన నేను," అన్నాడు.

"ఏం చేసినవ్?"

"ముందుగాలనే తప్పుకున్న. నేనే ఉంటే అది నా చేతుల మీద జరుగుతుండె. ఆ పిల్ల కట్టుకట్టుకొని పండుకున్నది చూస్తే, నా చెయ్యి కాదు గదా అని పాణం నిమ్మళమైంది." 

నిజంగానే కొంచెం తేలికపడ్డట్టు కనిపించాడు. నేను నోరు మూసుకొని సాధించినదంతా ఇదీ. ఉన్నచోట ఆయన ఉండి ఉంటే, ఆ సాంచె గొంతు మారిన రోజే ఆయనకు తెలిసేది. ఆ మాట ఆయనకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు.

లోపలికి పోయి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. అటక మీది రేకు డబ్బాలోంచి మిగతా అయిదూ తీశాను. అన్నీ తెచ్చి అరుగు మీద ఆయన ముందు పెట్టాను.

"ఏందివి?"

"వియ్యపురాలు. రావు సార్ వచ్చి ఇచ్చిపోయిండు. పన్నెండు దినాలాయె. నేను దాచిపెట్టిన."

ఎందుకని అడగలేదు. రుమాలు విప్పి వంకీలు చేతిలోకి తీసుకున్నాడు.

"దాని నోరు నేను వంచిన," అన్నాను. "నువ్వు తింటలేవని, నువ్వు లేనప్పుడు వైస్‌ల పెట్టి జర తెరిచిన. తర్వాత గీ అయిదిట్ల ఒకదాన్ని గూడ నేనే వంచిన. నీ చెయ్యి ఎన్నడూ జరగలే. జరిపింది నేను."

వాన కొంచెం పెద్దదైంది. ఆయన మొదటిదాని నోట్లో బొటనవేలు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఊడినదాంట్లో పెట్టాడు. తర్వాత ఒక్కొక్కటిగా ఆ నాలుగింటిలో.

"గీ రెండూ నువ్వా?"

"ఆ."

"గీ నాలుగు నేను."

"ఆ. నాలుగూ ఒక్క తీరుగనే ఉన్నయి."

"ఒక్క తీరుగనే ఉన్నయి," అన్నాడు. ఆ నాలుగింటినీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "అయితే లెక్కనే తప్పింది. ఇంకో వారం కూసుంటే నాకే తెలుస్తుండె. లెక్క తప్పితే సక్కగ చేసుకుంటమే పద్మా. చెయ్యి తప్పిందనుకుంటే ఏం చేసుకుంటం?"

"నన్ను తిట్టు," అన్నాను.

"ఏమని తిట్టాలె? నాకోసమే చేస్తివి గద."

తిట్టి ఉంటే బాగుండేది. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. ఆయన లేచి, వంకీలన్నీ తిరిగి రుమాలులో మూటకట్టి, అటక మీద పెట్టి, గోదాం షట్టర్ దించే వేళయిందని గొడుగు పట్టుకొని పోయాడు.

సేటు ఇప్పటికీ రమ్మంటాడు. సుధాకర్ స్వయంగా వచ్చి వైస్ తీసుకుపొమ్మన్నాడు. "నీకు పిల్లలున్నరు తమ్మీ, అక్కడనే ఉండని," అన్నాడు ఈయన. హర్షిణికి సంగతి తెలిసి నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది. రావు సార్ మేడ మీదికి మాత్రం ఈయన మళ్ళీ పోలేదు. ఆ చిక్కు చేసింది నేనొక్కణ్ణి కాదు గదా అన్నాడు.

మా మధ్య కొట్లాట ఏమీ లేదు. వేళకు తింటాడు. సినిమా చూస్తాడు. బజారు నుంచి నాకు మల్లెపూలు తెస్తాడు. ఈ ఎండాకాలం కాయలు తానే తెచ్చి, నరికి, కారం కలిపి, తొక్కు పెట్టి, డబ్బా మూత ఎప్పటిలా కసిగా బిగించాడు. తొక్కు మాగాక, మొన్న అన్నానికి కూర్చొని డబ్బా తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. రెండు చేతులా పట్టుకొని తిప్పాడు. మూత ఒక్క తిప్పుకే వచ్చేసింది.

చేతిలో మూత పట్టుకొని కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

"నువ్వు ముందుగాలనే వదులు చేసి పెట్టినవా?"

"లే," అన్నాను. "ముట్టనే ముట్టలే."

నేను ముట్టలేదు. నా బిడ్డ మీద ఒట్టు, నేను ముట్టలేదు.

"మంచిది," అన్నాడు ఆయన, తలూపి, తొక్కు వేసుకొని అన్నం కలుపుకున్నాడు.